పేరు రావాల్సినంత రాని హార్డ్ రాక్ ఆల్బమ్: నా ఓటు క్యాప్టెన్ బియాండ్‌కే

"లెడ్ జెప్పెలిన్, డీప్ పర్పుల్, బ్లాక్ సబ్బత్ అన్నీ వినేశాను. వాటి పక్కన నిలబడే సత్తా ఉండి కూడా మరుగున పడిపోయిన హార్డ్ రాక్ ఆల్బమ్ ఒక్కటి చెప్పండి. అది ఎందుకు ఆడలేదో కూడా చెప్పండి" అని అడిగారు. ఒక్కటే అన్నారు కాబట్టి తడుముకోకుండా చెప్తాను. 1972లో వచ్చిన క్యాప్టెన్ బియాండ్ మొదటి ఆల్బమ్ వినండి. బ్యాండ్ పేరే ఆల్బమ్ పేరు కూడా. 13 ట్రాకులు, అన్నీ కలిపి దాదాపు 35 నిమిషాలు. అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో 134వ స్థానం దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది.

నేను పాతికేళ్లుగా డ్రమ్స్ వాయిస్తున్నాను. అంతకు ముందు నుంచీ పాత రాక్ రికార్డులు పోగేస్తున్నాను. అయినా ఈ ఆల్బమ్ మొదటిసారి విన్నప్పుడు నాకు నచ్చలేదు. అప్పట్లో ఒక స్నేహితుడు సీడీకి కాపీ చేసి ఇచ్చాడు. ఆ కాపీలో ప్రతి ట్రాకుకీ మధ్య రెండు సెకన్ల ఖాళీ పడింది. పాట ఊపు మీద ఉండగా ఠక్కున ఆగడం, రెండు సెకన్ల నిశ్శబ్దం, మళ్లీ మధ్యలోంచి ఎత్తుకున్నట్టు ఇంకో పాట. వీళ్లకు పాటను ముగించడం రాదేమో అనుకుని పక్కన పడేశాను. కొన్నేళ్ల తర్వాత ఎల్పీ మీద, అంటే సూదితో తిరిగే రెండు వైపుల రికార్డు మీద విన్నాను. అప్పుడు తెలిసింది, అక్కడ ఖాళీలే లేవని. ఒక పాట చివరి దెబ్బే తర్వాతి పాటకు మొదటి దెబ్బ. నేను వదిలేసింది ఆల్బమ్‌ను కాదు, ముక్కలు చేసిన కాపీని. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ ఆల్బమ్ ఎందుకు గొప్పదో, ఎందుకు ఆడలేదో, రెండిటికీ మూలం ఇక్కడే ఉంది.

ముందు మనుషుల గురించి చెప్పుకుందాం. గాయకుడు రాడ్ ఎవాన్స్. డీప్ పర్పుల్‌కు మొట్టమొదటి గాయకుడు ఇతనే. 1968లో అమెరికాలో 4వ స్థానానికి వెళ్లిన 'హష్' పాటలో వినిపించే గొంతు ఇతనిదే. ఆ బ్యాండ్ మొదటి మూడు ఆల్బమ్‌లూ ఇతను పాడినవే. 1969లో బ్యాండ్ ఇంకా గట్టి సంగీతం వైపు మళ్లాలనుకుంది. ఎవాన్స్ గొంతు మెత్తటి పాటలకు సరే గానీ హార్డ్ రాక్‌కు చాలదని ఇతన్ని పక్కనపెట్టి ఇయాన్ గిలన్‌ను తెచ్చుకుంది. ఆ తర్వాత కథ మీకు తెలిసిందే. 'ఇన్ రాక్' వచ్చింది, 'మెషీన్ హెడ్' వచ్చింది. హార్డ్ రాక్‌కు పనికిరాదన్న గొంతుతో, సరిగ్గా 'మెషీన్ హెడ్' వచ్చిన 1972లోనే, ఎవాన్స్ ఈ ఆల్బమ్ చేశాడు. రెండిటినీ ఒకే సాయంత్రం వెనకా ముందూ పెట్టి వినండి. 'మెషీన్ హెడ్' గొప్ప ఆల్బమే, దాన్ని తగ్గించి మాట్లాడాల్సిన అవసరం ఎవరికీ లేదు. కానీ దాని పక్కన పెట్టినా క్యాప్టెన్ బియాండ్ చిన్నబోదు.

గిటార్ లారీ రైన్‌హార్ట్, అందరూ రైనో అనేవారు. బేస్ లీ డోర్మన్. ఇద్దరూ ఐరన్ బటర్‌ఫ్లై నుంచి వచ్చినవాళ్లు. 17 నిమిషాల 'ఇన్-ఎ-గడ్డ-డ-వీడా'లో ఆ బేస్ గుర్తుందా? అది డోర్మన్‌దే. రైనో ఆ బ్యాండ్ చివరి రోజుల్లో చేరాడు. 1971లో ఐరన్ బటర్‌ఫ్లై విడిపోయాక ఇద్దరూ కలిసి కొత్త బ్యాండ్ కట్టారు. ఇక డ్రమ్మర్ బాబీ కాల్డ్‌వెల్. బ్లూస్ గిటారిస్ట్ జానీ వింటర్ దగ్గర వాయించి వచ్చాడు. డెబ్బైల చివర్లో మెత్తటి సోల్ పాటలతో పేరు తెచ్చుకున్న గాయకుడు బాబీ కాల్డ్‌వెల్ వేరే మనిషి. ఇంటర్నెట్‌లో ఇద్దర్నీ కలిపేస్తుంటారు కాబట్టి వెతికేటప్పుడు జాగ్రత్త.

ఆల్బమ్ వెనక చూస్తే పాటలన్నీ ఎవాన్స్, కాల్డ్‌వెల్ పేర్ల మీదే ఉంటాయి. రైనో, డోర్మన్‌లకు ఐరన్ బటర్‌ఫ్లై నాటి ఒప్పందాలు ఇంకా మెడకు చుట్టుకుని ఉండటంతో వాళ్ల పేర్లు వేయలేదు. ఆ రిఫ్‌లు, అంటే పాటలో తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ వరసలు, వింటే రైనో చెయ్యి ఎంత ఉందో చెవికే తెలుస్తుంది. పుట్టిన రోజు నుంచే ఈ బ్యాండ్‌లో ఎవరి కష్టం ఎవరి పేరు మీద ఉందో చెప్పలేని పరిస్థితి.

ఇక్కడ ఒక విషయం నాకు ఎప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది. డీప్ పర్పుల్ అంటే జాన్ లార్డ్ ఆర్గన్. ఐరన్ బటర్‌ఫ్లై అంటే డగ్ ఇంగల్ ఆర్గన్. రెండు బ్యాండ్లకూ ఆర్గనే వెన్నెముక. ఆ రెండిటి నుంచి వచ్చిన మనుషులు కలిసి చేసిన ఈ ఆల్బమ్‌లో పాటను మోసే ఆర్గన్ లేదు. అక్కడక్కడా కాల్డ్‌వెల్ వాయించిన కొంచెం పియానో, గంటలు లాంటివి తప్ప, మిగతా ఖాళీ అంతా గిటార్‌తోనూ డ్రమ్స్‌తోనూ నింపారు. 1972 నాటి హార్డ్ రాక్‌లో చాలా భాగం ఈరోజు వింటే కాలం వాసన వేస్తుంది. అందులో సగం ఆ ఆర్గన్ వల్లే. దీనికి ఆ సమస్య లేదు. ఇరవై ఏళ్ల తర్వాత స్టోనర్ రాక్ అన్న పేరుతో వచ్చిన బ్యాండ్లు చేసిన పనికి, ఇది వాళ్లకంటే ముందే వేసిన దారిలా వినిపిస్తుంది. తేడా ఒక్కటే, వాళ్లు ఒక రిఫ్‌ను పది నిమిషాలు నానబెడతారు, వీళ్లు పది రిఫ్‌లను నాలుగు నిమిషాల్లో దాటేస్తారు.

ఇప్పుడు మొదటి పాట. 'డాన్సింగ్ మ్యాడ్లీ బ్యాక్‌వర్డ్స్ (ఆన్ ఎ సీ ఆఫ్ ఎయిర్)'. డ్రమ్స్‌తో మొదలవుతుంది. గిటార్ లేదు, బేస్ లేదు, కాల్డ్‌వెల్ ఒక్కడే. కాలితో తాళం వేస్తూ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టండి. రెండో ఆవృత్తానికే మీ ఒకటి అతని ఒకటితో కలవదు. తప్పు మీది కాదు, ఆ లెక్క నాలుగులో ఇమడదు. అయినా వింటున్నప్పుడు అది కష్టమైన తాళంలా అనిపించదు. మనిషి కొంచెం ముందుకు తూలి, పడబోయి, మళ్లీ నిలదొక్కుకుంటున్నట్టు ఉంటుంది. పేరు చూడండి, గాలి సముద్రం మీద వెనక్కి వెనక్కి పిచ్చిగా నాట్యం. ఆ తూలుడు మొత్తం డ్రమ్స్‌లోనే ఉంది. గిటార్ వచ్చే లోపే పాట చెప్పదలచుకున్నది చెప్పేసింది.

నేను ఈ పాటకు కలిసి వాయించాలని మూడు వారాలు కుస్తీ పట్టాను. చేతులు వస్తాయి, అది పెద్ద విషయం కాదు. కష్టం ఎక్కడంటే, కాల్డ్‌వెల్ ఒక రిఫ్ నుంచి ఇంకో రిఫ్‌కు మారేటప్పుడు మామూలు డ్రమ్మర్లలా "ఇదిగో మారుతున్నాం" అని ఒక రోల్ వేసి చెప్పడు. మాట్లాడుతూ మాట్లాడుతూ విషయం మార్చేసే మనిషిలా జారిపోతాడు. మీరు తేరుకునేసరికి పాట వేరే చోట ఉంటుంది. అతని రోల్స్ మలుపుల దగ్గర ఉండవు, వాక్యాల మధ్యలో ఉంటాయి. రిఫ్ ఊపిరి పీల్చుకునే చిన్న సందులో టామ్స్ మీద నాలుగు దెబ్బలు వేసి వెళ్లిపోతాడు. ఆ నాలుగు దెబ్బలు తీసేస్తే రిఫ్ చచ్చిపోతుంది. డ్రమ్స్ వెనక ఉండి నడిపించే బ్యాండ్లు చాలా ఉన్నాయి. ఇక్కడ డ్రమ్స్ గిటార్‌తో సమానంగా రాగం పాడతాయి. 1972లో హార్డ్ రాక్‌లో ఇలా వాయించినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

మొదటి మూడు పాటలూ అతుకు కనపడని ఒకే బట్ట. 'డాన్సింగ్...' నుంచి 'ఆర్మ్‌వర్త్'లోకి, అందులోంచి 'మయోపిక్ వాయిడ్'లోకి నేరుగా పోతుంది. 'ఆర్మ్‌వర్త్' రెండు నిమిషాలు కూడా ఉండదు. ఇంకెవరైనా అయితే ఆ రిఫ్ మీద ఆరు నిమిషాల పాట కట్టుకునేవాళ్లు. 'మయోపిక్ వాయిడ్' దగ్గరికి వచ్చేసరికి అప్పటిదాకా పరిగెత్తిన సంగీతం నీళ్లలో తేలుతున్నట్టు నెమ్మదిస్తుంది. కింద డ్రమ్స్ మళ్లీ మెల్లగా కూడగట్టుకుంటాయి. ఈ మూడూ కలిపి తొమ్మిదిన్నర నిమిషాలు లోపే. ఆ కాలపు ప్రోగ్రెసివ్ బ్యాండ్లు ఎల్పీ ఒక వైపంతా వాడుకుని చేసే ప్రయాణాన్ని వీళ్లు ఇంత తక్కువలో ముగించారు, అదీ హార్డ్ రాక్ బరువు ఎక్కడా తగ్గకుండా.

తర్వాత 'మెస్మరైజేషన్ ఎక్లిప్స్'. మీరు రిఫ్‌ల మనిషి అయితే ఇక్కడే పడిపోతారు. దీని గురించి ఎక్కువ రాయను, వింటే చాలు. 'రేజింగ్ రివర్ ఆఫ్ ఫియర్' మొదటి వైపును ముగిస్తుంది.

రెండో వైపు గురించి మాత్రం కొంచెం ఓపికగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని ముక్కలు ముక్కలుగా ఉందని తీసిపారేస్తారు. మొత్తం 8 ట్రాకులు, కొన్ని నిమిషం, నిమిషంన్నర మాత్రమే. పేర్ల పక్కన 'ఇంట్రో', 'పార్ట్ వన్', 'రిటర్న్', 'పార్ట్ టూ' అని ఉంటాయి. ఆ పేర్లను వరసగా ఒక కాగితం మీద రాసుకుని చూడండి. 'థౌజండ్ డేస్ ఆఫ్ యెస్టర్‌డేస్' పరిచయం మొదట వస్తుంది, మధ్యలో 'ఫ్రోజెన్ ఓవర్' దూరుతుంది, ఆ తర్వాతే అసలు 'థౌజండ్ డేస్...' వస్తుంది. ఇక చివరి ఐదు ట్రాకులు చూడండి. 'ఐ కాంట్ ఫీల్ నథిన్' మొదటి భాగం. దాని లోపల 'యాజ్ ద మూన్ స్పీక్స్'. దాని లోపల 'ఆస్ట్రల్ లేడీ'. మళ్లీ బయటికి వస్తూ 'యాజ్ ద మూన్ స్పీక్స్' తిరుగు ప్రయాణం. ఇంకా బయటికి వస్తే 'ఐ కాంట్ ఫీల్ నథిన్' రెండో భాగం. పెట్టెలో పెట్టె, ఆ పెట్టెలో ఇంకో పెట్టె. అన్నిటికన్నా లోపలి పెట్టె 'ఆస్ట్రల్ లేడీ' నిడివి ఎంతో తెలుసా? 16 సెకన్లు.

ఆ 16 సెకన్లను విడిగా తీసి వింటే ఏమీ అర్థం కాదు. వరసలో వింటే అది మలుపు. అప్పటిదాకా లోపలికి వెళ్తున్న సంగీతం అక్కడ వెనక్కి తిరుగుతుంది. మొదటి 'యాజ్ ద మూన్ స్పీక్స్' నెమ్మదిగా ఉంటుంది. ఎవాన్స్ కొన్ని చోట్ల పాడకుండా మాటల్లోనే చెప్తాడు, చంద్రుడు సముద్రపు అలలతో మాట్లాడుతున్నట్టు. తిరిగి వచ్చేటప్పుడు అదే పాటకు నడక వచ్చేస్తుంది, కాళ్లు కదులుతాయి. ఆ ఊపులోనే చివరి ముక్క, నిమిషం మీద కొన్ని సెకన్లు, దూసుకుపోయి అయిపోతుంది. ఎల్పీ మీద సూది చివరి గాడిలోకి జారి టక్ టక్ మంటుంటే, అప్పుడే అయిపోయిందా అనిపిస్తుంది. నాకు ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

ఎవాన్స్ గొంతు సంగతికి వస్తాను. ఇతను అరవడు. గిలన్‌లా పైస్థాయికి వెళ్లి కేక పెట్టడు. బరువైన గొంతుతో, దాదాపు ప్రశాంతంగా, చుట్టూ ఇల్లు కూలుతున్నా తన మాట తాను చెప్పుకుంటూ పోతున్నట్టు పాడతాడు. డీప్ పర్పుల్‌లో ఇదే లోపం అనిపించింది. ఇక్కడ ఇదే ప్రాణం. ఎందుకంటే కింద డ్రమ్స్, గిటార్ నిమిషానికి నాలుగు మలుపులు తిరుగుతున్నాయి. గొంతు కూడా గెంతితే వినేవాడికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఆ ప్రశాంతమైన గొంతు పడవలో స్తంభం లాంటిది, దాన్ని పట్టుకుని మిగతా ఊగిసలాటంతా చూడొచ్చు. 'ఫ్రోజెన్ ఓవర్' వినండి, కింద అంత హడావిడి జరుగుతుంటే పైన అతను ఎంత నిలకడగా ఉన్నాడో. గట్టి సంగీతానికి గట్టి గొంతే కావాలనేది నిజమైతే ఈ ఆల్బమ్ నిలబడకూడదు. నిలబడింది.

మరి ఎందుకు ఆడలేదు?

మొదటిది, తనకు సరిపడని ఇంట్లో పుట్టింది. దీన్ని విడుదల చేసింది క్యాప్రికార్న్ రికార్డ్స్. జార్జియా రాష్ట్రంలోని మేకన్ నుంచి ఫిల్ వాల్డెన్ నడిపిన సంస్థ, ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్‌కు పుట్టిల్లు. రైనోకు ఫ్లోరిడా రోజుల నుంచి ఆల్మన్ బ్రదర్స్ వాళ్లతో స్నేహం ఉంది, ఆ దారిలోనే అక్కడికి చేరారు. 1971 అక్టోబరు 29న డువేన్ ఆల్మన్ మేకన్‌లో మోటార్ సైకిల్ ప్రమాదంలో చనిపోయాడు. ఈ ఆల్బమ్‌ను అతని జ్ఞాపకానికే అంకితం ఇచ్చారు. స్నేహం మంచిదే. కానీ ఆ సంస్థ మీద నమ్మకంతో రికార్డు కొనేవాళ్లకు కావలసింది సదరన్ రాక్, అంటే అమెరికా దక్షిణ రాష్ట్రాల రాక్, బ్లూస్. అంతరిక్షం, చంద్రుడు, బేసి తాళాలు కావు. అమ్మేవాళ్లకు కూడా దీన్ని ఏ అరలో పెట్టాలో తెలియదు. అదే 1972లో ఆల్మన్ బ్రదర్స్ 'ఈట్ ఎ పీచ్' వచ్చి అమెరికాలో 4వ స్థానానికి వెళ్లింది. ఇంట్లో పెద్ద కొడుకు అంత సంపాదిస్తుంటే, తీరే వేరైన చిన్నవాడి మీద ఎవరి దృష్టి ఉంటుంది? ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉందనుకోను.

అలా అని ఖర్చు పెట్టలేదని కూడా అనలేం. మొదటి విడత అమెరికన్ ప్రతుల్లో కొన్నిటికి అట్ట మీద త్రీడీ బొమ్మ అతికించారు. గీతలు గీతలుగా ఉండే ప్లాస్టిక్ పొర వెనక బొమ్మ, అటూ ఇటూ వంచితే లోతుగా కదిలినట్టు కనిపిస్తుంది. అది చవకగా అయ్యే పని కాదు. పాట జనం చెవిన పడే దారి లేనప్పుడు అట్ట ఎంత కదిలినా లాభం లేదు.

రెండోది, రేడియో. ఇందాక నా సీడీ కాపీ గురించి చెప్పాను కదా. రేడియోలో పాట వేయాలంటే ఎవరైనా అదే పని చేయాలి. ఒక ముక్క కోసి వేయాలి. 'ఆర్మ్‌వర్త్' ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో చెప్పడమే కష్టం, ఇక దాన్ని విడిగా ఎలా వేస్తారు? పల్లవి నాలుగుసార్లు తిరిగొచ్చే పాట ఒక్కటి ఉన్నా చాలేది. 'థౌజండ్ డేస్ ఆఫ్ యెస్టర్‌డేస్' ఒక్కటే అందుకు దగ్గరగా వస్తుంది. అకూస్టిక్ గిటార్ మీద నడిచే, ఒకసారి వింటే నోట్లో ఆడే పాట. మిగతా చోట్ల పల్లవి చేతికి అందేలోపే పాట ముందుకు వెళ్లిపోతుంది. ఆల్బమ్‌గా దీన్ని నిలబెట్టిన గుణమే పాటలుగా అమ్ముడుపోకుండా చేసింది. ఆ అతుకులు తెంపి రేడియోకు పనికొచ్చేలా చేసి ఉంటే ఇంకా ఎక్కువ అమ్ముడయ్యేదేమో. అప్పుడు నేను మీకు ఈ ఆల్బమ్ చెప్పేవాణ్ణి కాదు.

మూడోది, బ్యాండ్ నిలవలేదు. ఈ ఒక్క ఆల్బమ్ తర్వాత కాల్డ్‌వెల్ వెళ్లిపోయి గిటారిస్ట్ రిక్ డెరింజర్ దగ్గర చేరాడు. ఈ సంగీతానికి డ్రమ్స్ ఎంత ముఖ్యమో పైన చదివారు కదా, గుండె తీసేసినట్టే. 1973లో రెండో ఆల్బమ్ 'సఫిషియెంట్లీ బ్రెత్‌లెస్' వచ్చింది. అందులో వేరే డ్రమ్మర్ ఉన్నాడు, కాంగాల లాంటి తాళవాద్యాలు ఉన్నాయి, కీబోర్డు మీద రీస్ వైనన్స్ ఉన్నాడు. ఈయనే తర్వాత బ్లూస్ గిటారిస్ట్ స్టీవీ రే వాన్ బృందంలో వాయించాడు. లాటిన్ వాసన ఉన్న, మెత్తబడిన మంచి ఆల్బమ్. కానీ మొదటిదాన్ని మెచ్చి వచ్చినవాడికి అది వేరే బ్యాండ్‌లా వినిపిస్తుంది. ఆ తర్వాత ఎవాన్స్ కూడా వెళ్లిపోయాడు. 1977లో వేరే గాయకుడితో మూడో ఆల్బమ్ వచ్చింది, అది అభిమానులు పూర్తి కథ కోసం వినేది మాత్రమే.

ఇదే చోట "మరి మోంట్రోజ్ సంగతేంటి?" అని అడుగుతారని తెలుసు. మరుగున పడ్డ హార్డ్ రాక్ అనగానే 1973 నాటి మోంట్రోజ్ మొదటి ఆల్బమ్ పేరు తప్పకుండా వస్తుంది. నాకూ చాలా ఇష్టం. అది కూడా వచ్చిన కొత్తలో చార్టులో దాదాపు ఈ లోతులోనే, 130ల దగ్గరే ఆగిపోయింది. కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. అందులో పాడిన సామీ హేగర్ సొంతంగా ఎదిగాడు, తర్వాత వాన్ హేలెన్‌లో చేరాడు. ఆ ఆల్బమ్ నిర్మాత టెడ్ టెంపుల్‌మన్ వాన్ హేలెన్ మొదటి ఆల్బమ్ చేశాడు. వాళ్ల పేరు పెరిగిన ప్రతిసారీ కొత్త శ్రోతలు వెనక్కి వచ్చి మోంట్రోజ్ కొన్నారు. 'రాక్ క్యాండీ' లాంటి పాటను రేడియో ఎప్పుడైనా విడిగా వేసుకోవచ్చు. అలా మెల్లమెల్లగా అమ్ముడై ప్లాటినం అయింది. ఆలస్యమైనా దానికి న్యాయం జరిగింది. క్యాప్టెన్ బియాండ్ నలుగురిలో ఎవరూ తర్వాత పెద్ద స్టార్ కాలేదు. ఈ ఆల్బమ్ దగ్గరికి జనాన్ని వెనక్కి నడిపించి తెచ్చే దారే లేకపోయింది. పైగా 1970ల చివరికి క్యాప్రికార్న్ సంస్థే దివాలా తీసింది. అందుకే మీ ప్రశ్నకు నా జవాబు మోంట్రోజ్ కాదు, ఇదే.

ఎవాన్స్ విషయంలో అయితే స్టార్ కాకపోవడంతో ఆగలేదు. 1980లో అతను ముక్కూమొహం తెలియని వాద్యకారులతో కలిసి డీప్ పర్పుల్ పేరుతో కచేరీలు చేశాడు. అప్పటికి అసలు బ్యాండ్ విడిపోయి నాలుగేళ్లు. వాళ్ల తరఫువాళ్లు కోర్టుకు వెళ్లారు, 6,72,000 డాలర్లు కట్టాలని తీర్పు వచ్చింది, పాత ఆల్బమ్‌ల రాయల్టీలు కూడా పోయాయి. అతను చేసింది తప్పే, టికెట్ కొన్న జనం మోసపోయారు. అది సమర్థించను. ఆ తర్వాత ఎవాన్స్ సంగీతానికి పూర్తిగా దూరమయ్యాడు. 2016లో డీప్ పర్పుల్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు అతని పేరు కూడా ఉంది, మనిషి మాత్రం రాలేదు. ఈ కేసు వల్ల ఎవాన్స్ అంటే అందరికీ నకిలీ బ్యాండ్ గుర్తొస్తుంది, ఈ 35 నిమిషాలు గుర్తుకు రావు. అది నాకు బాధగా ఉంటుంది. రైనో, డోర్మన్ ఇద్దరూ 2012లోనే పోయారు, ఒకరు జనవరిలో, ఒకరు డిసెంబరులో.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. సాహిత్యం ఆ కాలపు మేఘాల్లో తేలే రకం, చంద్రుడు, గాలి, శూన్యం. ప్రతి వాక్యానికీ అర్థం వెతికితే నిరాశ పడతారు. 'రేజింగ్ రివర్ ఆఫ్ ఫియర్'లో గొంతు ఇంకొంచెం ముందుకు వినిపించి ఉంటే బాగుండేది అనిపిస్తుంది. గిటార్ మీద ఎక్కడా తీరిగ్గా సాగే పెద్ద సోలో ఉండదు, ఆ కోరికతో వచ్చేవాళ్లకు చెయ్యి ఖాళీగానే ఉంటుంది. నాకైతే ఆ పొదుపే ఇష్టం. రైనో గొప్పతనం సోలోల్లో కంటే, ఒకే రిఫ్‌ను రెండు గిటార్లుగా పేర్చి కుడి ఎడమల నుంచి పలికించే తీరులో ఉంది.

ఎలా వినాలో చెప్తాను, దయచేసి ఇది మాత్రం పాటించండి. షఫుల్ తీసేయండి. ప్లేయర్‌లో పాటల మధ్య ఖాళీ రాకుండా ఉండే సెట్టింగ్, అదే గ్యాప్‌లెస్, ఆన్ చేసుకోండి. ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేసే క్రాస్‌ఫేడ్ ఉంటే ఆపేయండి, అది ఆ 16 సెకన్ల ట్రాకును సగం మింగేస్తుంది. యాడ్స్ మధ్యలో దూరే ఉచిత ఖాతాలో వినకండి. ఫోన్ స్పీకర్‌లో బేస్ వినిపించదు, డోర్మన్ వాయించేదంతా పోతుంది, కాబట్టి మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదటి వైపు ఐదు పాటలూ ఒకేసారి, చిన్న విరామం, తర్వాత రెండో వైపు ఎనిమిదీ ఒకేసారి. మొదటిసారి తాళం లెక్కపెట్టొద్దు, ఊరికే వినండి. రెండోసారి కేవలం డ్రమ్స్ మీద చెవి పెట్టండి. మూడోసారి ఎవాన్స్ మీద.

విన్నాక 'ఆస్ట్రల్ లేడీ' ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో స్క్రీన్ చూడకుండా పట్టుకోగలిగారో లేదో ఇక్కడే రాయండి. నాకు నాలుగోసారికి గానీ దొరకలేదు.